సూక్ష్మ ధూళి ఎక్కడి నుంచి వస్తోంది? గోదావరి డెల్టాకు తగిన మోడల్‌ను ఎంచుకునే తీరు

నిమిషానికి 16.7 లీటర్ల గాలిని పీల్చే సాంప్లర్‌ను రోజంతా నడిపితే దాని గుండా దాదాపు 24 ఘనపు మీటర్ల గాలి పోతుంది. ఆ రోజు గాలిలో పీఎం 2.5, అంటే 2.5 మైక్రోమీటర్లకు మించని వ్యాసం ఉన్న ధూళి, మన జాతీయ ప్రమాణం ఒక రోజుకు అనుమతించే, ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల స్థాయిలోనే ఉందనుకుంటే, ఫిల్టరు మీద చేరే ధూళి మొత్తం 1.44 మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజ బరువులో అది అటూ ఇటూగా పదోవంతు. అందులో మండపేట వైపు రైసు మిల్లుల బాయిలర్ల వాటా ఎంత, జాతీయ రహదారి మీది లారీలది ఎంత, సముద్రం నుంచి వచ్చిన ఉప్పు ఎంత, శీతకాలపు ఈశాన్య గాలి దూరం నుంచి మోసుకొచ్చింది ఎంత అని తేల్చడమే సోర్స్ అపోర్షన్‌మెంట్ మోడళ్ల పని. తెలుగులో మోడల్‌నూ, శాంపిల్‌నూ కూడా నమూనా అనే అంటున్నాం కనుక, ఈ వ్యాసంలో లెక్క కట్టే పద్ధతిని మోడల్ అనీ, ఫిల్టరు మీద పట్టినదాన్ని నమూనా అనీ రాస్తున్నాను.

ఈ పనికి వాడుకలో ఉన్న మోడళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఏది మంచిదని అడిగేవారే ఎక్కువ. ఏ ప్రశ్నకు, ఏ సమాచారం చేతిలో ఉన్నప్పుడు, ఏది పనికొస్తుందని అడిగేవారు తక్కువ. డెల్టా పట్టణాల్లో ఈ పని తలపెట్టే మునిసిపల్ ఇంజినీర్లకు, కళాశాల అధ్యాపకులకు, పక్కన బట్టీయో మిల్లో ఉన్న గ్రామాల పెద్దలకు ఆ రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి ప్రయత్నిస్తాను.

ముందు ప్రశ్న, తరవాత మోడల్

రాజమహేంద్రవరం, ఏలూరు నగరాలు 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. ఆ నగరాల అధికారులు అడిగే ప్రశ్న: మా ఊరి గాలిలో దేని వాటా ఎంత? ఇది గాలి దగ్గర నిలబడి వెనక్కి చూసే ప్రశ్న. దీనికి రిసెప్టర్ మోడళ్లు ఉన్నాయి. ఇటుక బట్టీ పక్కన ఇళ్లున్నవారు అడిగేది వేరు: ఈ ఒక్క బట్టీ వల్ల మా వీధిలో ధూళి ఎంత పెరుగుతోంది? ఇది పొగ పుట్టిన చోటి నుంచి ముందుకు నడిచే ప్రశ్న. దీనికి డిస్పర్షన్ మోడల్ కావాలి. దాళ్వా కోతల తరవాత గడ్డి కాల్చడం జిల్లా అంతటా ఆపేస్తే ఎంత తగ్గుతుందన్నది మూడో ప్రశ్న. దానికి గాలి కదలికనూ, దారిలో జరిగే రసాయనిక చర్యలనూ కలిపి లెక్కించే కెమికల్ ట్రాన్స్‌పోర్ట్ మోడల్ తప్ప వేరే దారి లేదు.

మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును మూడో ప్రశ్నకు జవాబుగా వాడడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. పీఎం 2.5లో కొంత భాగం ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. బొగ్గు కాల్చినప్పుడు వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేటుగా మారి, యూరియా చల్లిన చేల నుంచీ పశువుల కొట్టాల నుంచీ లేచిన అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేటు అవుతుంది. రిసెప్టర్ మోడల్ దాన్ని ద్వితీయ సల్ఫేటు అనే ఒక పద్దు కింద చూపిస్తుంది కానీ, ఆ పద్దు ఎవరి ఖాతాలో వేయాలో చెప్పదు. సల్ఫర్ ఒకరిది, అమ్మోనియా మరొకరిది అయినప్పుడు, ఒకరు సగం తగ్గిస్తే ఆ పద్దు కూడా సగం తగ్గుతుందన్న హామీ లేదు.

ఇంకొక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నగరాల పనితీరును ప్రధానంగా పీఎం 10తో, అంటే 10 మైక్రోమీటర్ల దాకా వ్యాసం ఉన్న ధూళితో, కొలుస్తారు. పీఎం 10లో మట్టి, రోడ్డు దుమ్ము బరువు ఎక్కువ, పీఎం 2.5లో దహనం నుంచి వచ్చినవి ఎక్కువ. ఒకదాని కోసం వేసిన వాటాల చక్రాన్ని రెండోదానికి అతికించకూడదు.

సీఎంబీయా, పీఎంఎఫా?

రిసెప్టర్ మోడళ్లలో అసలు పోటీ ఈ రెండింటి మధ్యనే. రెండింటికీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్కో దినుసు రుచి ముందే తెలిసినప్పుడు సాంబారు పొడి రుచిని బట్టి ఏది ఎంత పడిందో చెప్పడం సీఎంబీ అనే కెమికల్ మాస్ బ్యాలెన్స్ పద్ధతి. ఏమేమి వేస్తారో తెలియని ఇంట్లో వంద రోజులు భోంచేసి, రుచి మారిన తీరును బట్టి దినుసులను పట్టుకోవడం పీఎంఎఫ్ అనే పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ పద్ధతి.

సీఎంబీకి ప్రతి మూలపు రసాయనిక ముద్ర, అంటే సోర్స్ ప్రొఫైల్, ముందుగానే ఇవ్వాలి. అది ఇవ్వగలిగితే ఒక్క రోజు నమూనాతో కూడా వాటాలు లెక్కించవచ్చు. భోగి మర్నాడు ఏమైందో తెలుసుకోవాలంటే ఇంతకన్నా దగ్గరి దారి లేదు. లెక్క కుదిరిందో లేదో చూసుకునే గుర్తులు కూడా స్పష్టంగా ఉన్నాయి: ఆర్-స్క్వేర్ 0.8కి తగ్గకూడదు, కై-స్క్వేర్ 4 దాటకూడదు, మోడల్ వివరించిన బరువు కొలిచిన బరువులో 80 నుంచి 120 శాతం మధ్య ఉండాలి. ఇబ్బందల్లా ముద్రలతోనే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, కాన్పూర్, ముంబై, పుణె నగరాలలో చేయించిన పెద్ద అధ్యయనం కోసం వాహనాల ముద్రలను పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ, మిగిలిన మూలాల ముద్రలను ఐఐటీ బొంబాయి తయారు చేశాయి. ఆ ఆరింటిలో డెల్టా పట్టణం ఏదీ లేదు. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ఇంధనం వచ్చి డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు దిగింది. అంతకు ముందటి వాహనాల ముద్రలను ఇవాళ్టి లారీలకు పెట్టడం పాత కొలతలతో కొత్త చొక్కా కుట్టడమే.

పీఎంఎఫ్‌ను 1994లో ఫిన్లాండ్ పరిశోధకులు పాతెరో, తాపర్ ప్రతిపాదించారు. దీనికి ముద్రలు అవసరం లేదు. కానీ నమూనాలు చాలా కావాలి. వందకు తగ్గితే ఫలితాన్ని గట్టిగా నమ్మలేం. ప్రతి కొలతకూ దాని అనిశ్చితి ఎంతో కూడా పక్కనే ఇవ్వాలి. ప్రయోగశాల అనిశ్చితి ఇవ్వకపోతే చాలామంది పుస్తకంలోని సూత్రం ఒకటి పెట్టేస్తారు, అక్కడే సగం నాణ్యత పోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమంటే, మోడల్ ఇచ్చేవి పేర్లు లేని కారకాలు. వాటికి "బయోమాస్ దహనం", "రోడ్డు దుమ్ము" అని పేర్లు పెట్టేది మనిషి. డెల్టాలో ఈ నామకరణం దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయని నా అనుభవం.

ఊకనే తీసుకుందాం. ధాన్యం బరువులో సుమారు అయిదోవంతు ఊక. ఊకలో సుమారు అయిదోవంతు బూడిద. ఆ బూడిదలో దాదాపు 90 శాతం సిలికా. అంటే టన్ను ధాన్యం ఆడితే, దాని ఊక అంతా కాలిస్తే, 40 కిలోల బూడిద, అందులో ఎక్కువ భాగం సిలికా. ఆ ఊకనే మిల్లు బాయిలర్లలోనూ, ఇటుక బట్టీలలోనూ కాలుస్తున్నాం. ప్రపంచమంతటా సిలికాన్ కనిపిస్తే మట్టి అని రాసుకుంటారు. ఇక్కడ సిలికాన్ కనిపిస్తే అది మట్టి కావచ్చు, మిల్లు కావచ్చు.

కొన్నేళ్ల కిందట ఒక కన్సల్టెన్సీ సంస్థ నివేదికను చూసి చెప్పమని నాకు పంపారు. అందులో ఆ పట్టణపు ధూళిలో అతి పెద్ద వాటా రోడ్డు దుమ్ముదని తేల్చి, నీళ్లు చల్లే ట్యాంకర్లు, ఊడ్చే యంత్రాలు కొనమని సిఫారసు చేశారు. సాంప్లర్ పెట్టిన డాబా మీదికి నేను వెళ్లి చూస్తే ఎదురుగా ఊక బూడిద గుట్ట ఉంది. గాలి వీచినప్పుడల్లా దాని అంచు నుంచి నల్లని పొర లేచి మేడల మీదుగా పోతోంది. డేటా తెప్పించుకుని చూశాను. అల్యూమినియం చాలా రోజుల్లో గుర్తింపు పరిమితికి, అంటే యంత్రం పట్టుకోగల కనీస స్థాయికి, దిగువన ఉందన్న కారణంతో దాన్ని లెక్కలోంచి తీసేసి, సిలికాన్ ఒక్కదాన్నే మట్టికి గుర్తుగా పెట్టుకున్నారు. అల్యూమినియం లేకపోవడమే అక్కడ అసలు ఆధారం. భూమి పైపొరలో సిలికాన్ బరువు అల్యూమినియం బరువుకు సుమారు మూడున్నర రెట్లు ఉంటుంది. ఊక బూడిదలో అల్యూమినియం లేనట్టే లెక్క. సిలికాన్ ఎక్కువగా ఉండి అల్యూమినియం దానికి తగినట్టు లేకపోతే అది రోడ్డు కాదు, మిల్లు. ట్యాంకర్లు ఎన్ని కొన్నా ఆ సిలికాన్ తగ్గదు.

ఈ తేడాను పట్టుకోవాలంటే మోడల్ కన్నా ముందు ఫిల్టరు సరిగ్గా ఎంచుకోవాలి. క్వార్ట్జ్ ఫిల్టరే స్వయంగా సిలికా కనుక దాని మీద సిలికాన్ కొలవడం కుదరదు. మూలకాలకు టెఫ్లాన్ ఫిల్టరు, కర్బనానికి క్వార్ట్జ్ ఫిల్టరు రెండూ పక్కపక్కన నడపాలి. ప్రయోగశాల కేవలం నైట్రిక్ ఆమ్లంతో కరిగించి, ద్రావణంలోని మూలకాలను కొలిచే ఐసీపీ యంత్రంలో పెడతామంటే ఒప్పుకోకండి. ఆ ఆమ్లంలో సిలికా కరగదు. ఫిల్టరును కరిగించకుండానే మూలకాలను కొలిచే ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ యంత్రం ఉన్న చోటికి పంపాలి.

పొటాషియం చిక్కు ఇంకా పెద్దది. పుస్తకాల ప్రకారం అది కట్టెలు, గడ్డి కాల్చినదానికి గుర్తు. డెల్టాలో ఊక, వరిగడ్డి, కొబ్బరి డొక్కలు మూడూ కాలుతాయి. మూడింటిలోనూ పొటాషియం ఉంటుంది. దీపావళి టపాసులలోనూ ఉంటుంది. అందుకని దీపావళి ముందూ వెనకా రోజుల నమూనాలను వేరుగా పెట్టి, బేరియం, స్ట్రాన్షియం కూడా పెరిగాయేమో చూసుకోవాలి. పెరిగితే ఆ పొటాషియం టపాసులది. భోగి మంటల్లో పాత టైర్లు వేసే చోట జింకు కూడా లేస్తుంది కనుక, ఒక్క భోగి రోజు నమూనా లేని కారకాన్ని పుట్టించగలదు. లెవోగ్లూకోసాన్ కొలిస్తే టపాసుల గొడవ తీరుతుంది. అది సెల్యులోజు కాలినప్పుడు పుట్టే చక్కెర జాతి పదార్థం, టపాసులలో రాదు. అయినా ఊకనూ గడ్డినీ వేరు చేయడానికి అదొక్కటే చాలదు; దాన్ని సిలికాన్‌తోనూ, కోతల క్యాలెండరుతోనూ కలిపి చదవాలి.

సముద్రపు ఉప్పు విషయం కొంత సులువు. సముద్రపు నీటిలో సోడియంతో పోలిస్తే పొటాషియం బరువు 0.037 వంతు, సల్ఫేటు 0.25 వంతు, క్లోరైడు 1.8 వంతు. సోడియం 2 మైక్రోగ్రాములు ఉంటే సల్ఫేటులో 0.5, పొటాషియంలో 0.07 ఉప్పు తెచ్చినవని తీసేయవచ్చు. క్లోరైడు మాత్రం 1.8 వంతు కన్నా తక్కువ ఉంటే కంగారు పడనక్కరలేదు. గాలిలోని నైట్రిక్ ఆమ్లం ఉప్పుతో కలిసి క్లోరిన్‌ను వాయువుగా తరిమేస్తుంది. ఈ పాతబడిన ఉప్పును పీఎంఎఫ్ తనంతట తాను వేరు చేయగలదు, తాజా ఉప్పు ముద్ర ఒక్కటే ఇచ్చిన సీఎంబీ తడబడుతుంది.

కాకినాడలో ఓడల పొగను వెనేడియం, నికెల్ ద్వారా పట్టుకోవచ్చని ఇప్పటికీ రాసేవారున్నారు. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగింది. దానితో భారీ నూనె వాడకం తగ్గి వెనేడియం కూడా పలచబడింది. పాత నిష్పత్తులతో ఇప్పుడు ఓడలను వెతికితే, ఉన్నవాటిని కూడా లేవనుకుంటాం.

భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల దగ్గర కరెంటు పోయినప్పుడు ఏరియేటర్లకు డీజిల్ ఇంజన్లు వేస్తారు. ఆ పొగకూ హైవే లారీ పొగకూ రసాయనికంగా తేడా లేదు. సీఎంబీ అయినా పీఎంఎఫ్ అయినా రెంటినీ ఒకటే అంటాయి. అయితే చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటుతుంది కాబట్టి ఇంజన్ల అవసరం ఆ వేళకే ఎక్కువ. ఇరవై నాలుగు గంటల ఫిల్టరు ఈ తేడాను మింగేస్తుంది. గంట గంటకూ నల్ల కర్బనాన్ని కొలిచే ఎథలోమీటరు ఒకటి, గాలి దిశ రాసే యంత్రం ఒకటి ఉంటే, ఏ వేళ, ఏ దిక్కు నుంచి అని చూసి విడదీయవచ్చు.

వీటన్నిటినీ బట్టి డెల్టా పట్టణానికి నా మొగ్గు పీఎంఎఫ్ వైపే, ఒక షరతుతో: పక్క ఊళ్లలోని ఊక బాయిలరు, ఇటుక బట్టీ, వరిగడ్డి మంట, స్థానిక రోడ్డు మట్టి, ఈ నాలుగింటి ముద్రలను కూడా కొద్దిపాటి ఖర్చుతో తీసి పెట్టుకోవాలి. పీఎంఎఫ్ ఇచ్చిన కారకాలకు పేరు పెట్టే ముందు వాటిని ఈ ముద్రల పక్కన పెట్టి చూడాలి. ప్రిన్సిపల్ కాంపోనెంట్ విశ్లేషణ అనే మరో గణాంక పద్ధతి విద్యార్థి ప్రాజెక్టుకు సరిపోతుంది. దాని మీద ఆధారపడి ప్రజాధనం ఖర్చు చేయించవద్దు.

ఒక్క బట్టీ, ఒక్క మిల్లు గొడవ అయితే

ఇక్కడ ఏర్‌మోడ్ లాంటి డిస్పర్షన్ మోడల్ చాలు. యాభై కిలోమీటర్ల లోపు దూరాలకు ఉద్దేశించిన ఈ మోడల్‌కు కావలసినవి గంట గంటకూ గాలి వేగం, దిశ, ఉష్ణోగ్రత, పై గాలి సమాచారం, మూలం నుంచి సెకనుకు ఎన్ని గ్రాముల ధూళి వస్తోందన్న లెక్క. పై గాలిని బెలూన్లతో కొలిచే వాతావరణ శాఖ కేంద్రాలు డెల్టాకు రెండు వైపులా, మచిలీపట్నంలోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. కోనసీమకు మచిలీపట్నం దగ్గర.

ఈ మోడల్‌లో మూలం నుంచి వచ్చే ధూళిని రెట్టింపు చేస్తే ఫలితం కూడా సరిగ్గా రెట్టింపవుతుంది. కాబట్టి ఎవరైనా రంగురంగుల పటం చూపించి మా మిల్లు వల్ల ఏమీ కాదంటే, పటాన్ని పక్కన పెట్టి, సెకనుకు ఎన్ని గ్రాములు అనుకున్నారు, ఆ అంకె ఎక్కడిది అని ముందు అడగండి. పొగగొట్టం లేకుండా ఊక నింపి రోజుల తరబడి కాల్చే బట్టీ విషయంలో ఆ అంకె చాలావరకు ఊహే. దాన్ని ఎత్తైన గొట్టంగా కాకుండా నేల మీది విశాల మూలంగా చూపించారో లేదో కూడా చూడాలి. గొట్టంగా చూపిస్తే పొగ ఇళ్ల మీదుగా దాటిపోయినట్టు కాగితం మీద వస్తుంది.

తీరానికి దగ్గరగా, ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా ఉన్న పట్టీలో, దీని మీద నమ్మకం తగ్గించుకోవాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి మళ్లి, ఉదయం సముద్రం మీదికి పోయిన పొగను తిరిగి ఊళ్లోకి తెస్తుంది. ఏర్‌మోడ్ ప్రతి గంటనూ కొత్త గంటగానే చూస్తుంది. పోయిన పొగ తిరిగి రావడం దాని లెక్కలో లేదు.

దూరపు గాలి, పెద్ద మోడళ్లు

అమెరికా వాతావరణ సంస్థ నోవా వారి హైస్‌ప్లిట్ అనే మోడల్‌తో గాలి వెనక దారిని, అంటే అది ఎటు నుంచి వచ్చిందో, గీయడం అందరికీ అందుబాటులో ఉంది, చూడడానికి కూడా బాగుంటుంది. బహుశా అందుకే అవసరం లేని చోట కూడా వాడుతున్నారు. సాధారణంగా దానికిచ్చే ఒక డిగ్రీ వాతావరణ డేటాలో గడి వెడల్పు నూరు కిలోమీటర్లకు పైనే. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా గీత గీస్తే డెబ్భై కిలోమీటర్లు కూడా రాదు. కోనసీమ అంతా ఒక గడిలో దూరిపోతుంది. మిల్లు ఏ వీధి వైపు పొగ పంపిందో ఆ గీత చెప్పలేదు. శీతకాలంలో ద్వితీయ సల్ఫేటు పెరిగిన రోజులకు గాలి ఎటు నుంచి వచ్చిందో, విశాఖ వైపు ఉన్న పరిశ్రమలు, థర్మల్ కేంద్రం మీదుగా వచ్చిందో, ఇంకా పైన ఒడిశా నుంచి వచ్చిందో చూసుకోవడానికి మాత్రం అది సరైన పనిముట్టు. ఒక్కో రోజు గీతను కాక, పీఎంఎఫ్ ఇచ్చిన సల్ఫేటు వాటాలను ఏడాది గీతలన్నిటితో కలిపి చదవాలి.

డబ్ల్యూఆర్ఎఫ్-కెమ్, సీమాక్, క్యామెక్స్ లాంటి కెమికల్ ట్రాన్స్‌పోర్ట్ మోడళ్లు శక్తిమంతమైనవి. క్యామెక్స్‌లో ప్రతి మూలానికీ చీటీ కట్టి దాని వాటాను లెక్కించే ఏర్పాటు ఉంది. లేదా ఒక మూలాన్ని సున్నా చేసి మోడల్‌ను మళ్లీ నడిపి తేడా చూడవచ్చు. గడ్డి కాల్చడం ఆపితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఈ రెండో దారే సరైనది. అయితే ఈ మోడల్‌కు తెలిసింది ఉద్గారాల పట్టికలో రాసినంత మాత్రమే. ప్రపంచ స్థాయి పట్టికలకు మన ఊక బట్టీలూ, చెరువు గట్ల ఇంజన్లూ సరిగ్గా తెలుస్తాయని నేను అనుకోను. గడ్డి మంటలను ఉపగ్రహాలు చూస్తాయి నిజమే. వీఐఐఆర్ఎస్ పరికరం 375 మీటర్ల గడితో, మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతాల్లో దాటుతుంది. సాయంత్రం అయిదింటికి అంటించి ఏడింటికి ఆరిపోయే అరెకరం మంట ఆ రెంటి మధ్యా పడిపోతుంది. కాబట్టి ఈ మోడల్ గడ్డి వాటా తక్కువని చెబితే, అది నిజంగా తక్కువ కావచ్చు, లేదా మంట లెక్కలోకే రాకపోయి ఉండవచ్చు. విశ్వవిద్యాలయం, రాష్ట్ర స్థాయి సంస్థ కలిసి పట్టిక తయారీతో మొదలుపెట్టి రెండు మూడేళ్లు చేయగల పని ఇది. ఒక మునిసిపాలిటీ టెండరు పిలిచి ఆరు నెలల్లో కోరదగింది కాదు.

ఏది ఎంచుకోవాలి

రాజమహేంద్రవరం లేదా ఏలూరు స్థాయి నగరానికి నా సలహా ఇది. రెండు చోట్ల, ఒకటి జనవాసం మధ్య, రెండోది గాలి వచ్చే వైపు పొలాల దగ్గర, మూడు రోజులకొకసారి ఏడాది పొడవునా నమూనాలు తీస్తే ఒక్కో చోట 120 దాకా వస్తాయి; పీఎంఎఫ్‌కు అవి చాలు. సార్వా కోతలు, మిల్లింగ్ రద్దీ, దాళ్వా కోతలు, నైరుతి గాలులు అన్నీ అందులో పడతాయి. డబ్బు సరిపోకపోతే రెండో చోటును వదులుకోండి కానీ ఏడాదిని రెండు నెలలకు కుదించవద్దు. నగరంలో ఇప్పటికే ఉన్న నిరంతర పరిశీలక కేంద్రం పీఎం 2.5 ఎంతో చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు. దాని గంటవారీ అంకెలను గాలి దిశతో కలిపి చూడడానికి వాడుకోవాలి.

అంత డబ్బు లేని పట్టణం, ఉదాహరణకు అమలాపురమో తణుకో, స్థానిక ముద్రలు నాలుగు తీయించుకుని, ఇరవై ముప్పై నమూనాలతో సీఎంబీ చేయించడం మేలు. ఫలితాన్ని శాతాలుగా కాక, ఏది పెద్దది, ఏది చిన్నది అన్న వరస మటుకు తీసుకోవాలి. ఒకే పరిశ్రమ మీద ఫిర్యాదు ఉన్న గ్రామానికి ఏర్‌మోడ్, దానితో పాటు గాలికి ఎదురు వైపూ, దిగువ వైపూ ఒక్కో సాంప్లర్ వారం రోజులు. రెండు ఫిల్టర్ల మధ్య తేడా కనిపిస్తే మోడల్ మీద వాదన సగం తగ్గుతుంది.

ఏ దారి ఎంచుకున్నా ఒప్పందంలో రెండు షరతులు రాయించండి. ఒకటి, ముడి డేటా, అనిశ్చితులతో సహా, ఎక్సెల్ ఫైలుగా మీకు అప్పగించాలి. నివేదికలోని చక్రాల బొమ్మతో తిరిగి ఏమీ చేయలేం. రెండు, వాడిన క్వార్ట్జ్ ఫిల్టర్లలో మిగిలిన సగాన్ని అల్యూమినియం రేకులో చుట్టి, తేదీ రాసి, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఫ్రీజరులో దాచాలి. ఇవాళ లెవోగ్లూకోసాన్ కొలిపించడానికి డబ్బు లేకపోయినా, రెండేళ్ల తరవాత ఆ సగం ముక్కలను పంపి కొలిపించవచ్చు.